హంతకుడెవరో ముందే తెలిస్తే ఇక చూసేదేముంది అంటున్నవాళ్లకు

ఈమధ్య మా బంధువుల గ్రూపులో ఒక పోస్టు వచ్చింది. అంతకుముందు ఆఫీసు గ్రూపులోనూ, కాలేజీ స్నేహితుల గ్రూపులోనూ అదే చూశాను. పేరుమోసిన టీవీ డిటెక్టివ్‌లని వరసగా నిలబెట్టి, ఎవరిది నిజమైన గొప్పతనం, ఎవరిది ఉత్త పేరు అని తేల్చేసిన పోస్టు అది. అందులో లెఫ్టినెంట్ కొలంబోని అట్టడుక్కి తోసేసి కారణాలు కూడా రాశారు. హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారు కాబట్టి సస్పెన్స్ లేదట. అతనికి తెలివి లేదు, అదృష్టం కొద్దీ గట్టెక్కుతాడట. పట్టుకున్న కేసు ఒక్కటీ కోర్టులో నిలవదట. నోరు తెరిస్తే మా ఆవిడ, మా ఆవిడ అంటాడు గానీ ఆవిడ అసలు లేనే లేదట. అసలు పేరు ఫిలిప్ అట. పాత్ర మొత్తం నటుడు పీటర్ ఫాల్క్ పుట్టించుకున్నదట. చివరగా, ఇదంతా మనసు లేని ఫార్ములా అట.

ఇందులో ఏదీ కొత్త మాట కాదు, ఏళ్ల తరబడి తిరుగుతున్నవే. కానీ మా ఇంట్లో కొలంబో అంటే ఒట్టి కాలక్షేపం కాదు. మా నాన్న ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. లెక్కలో రూపాయి తేడా వస్తే అది దొరికేదాకా పుస్తకాలు మూయని మనిషి. ఇంగ్లిష్ సీరియళ్లు చూసే అలవాటు లేని ఆయన కొలంబో డీవీడీలు నాతోపాటు కూర్చుని మొత్తం చూశారు. మధ్యలో ఆపించి, "ఆ చీటీ ఇంకోసారి చూపించు" అనేవారు. అలా చూసిన సీరియల్ గురించి ఇన్ని తప్పులు ఒకేచోట కనిపిస్తే ఊరుకోబుద్ధి కాలేదు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. కొలంబో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో హత్య కేసులు చూసే లెఫ్టినెంట్. నలిగిన వానకోటు, సగం కాలిన చుట్ట, ఎప్పుడాగిపోతుందో తెలియని ప్యూజో 403 కారు. 1968లో టీవీ సినిమాగా మొదలై, 1971 నుంచి 1978 దాకా అమెరికా టీవీ చానల్ ఎన్‌బీసీలో, తర్వాత 1989 నుంచి 2003 దాకా ఏబీసీ అనే ఇంకో చానల్లో వచ్చింది. సీరియల్ మొదలయ్యేముందు పరీక్షగా తీసిన పైలట్లతో కలిపి మొత్తం 69 కథలు. ప్రతి కథలోనూ ముందు హత్య జరుగుతుంది. చేసింది ఎవరో, ఎలా చేశారో మనకి పూర్తిగా చూపిస్తారు. ఆ తర్వాతే కొలంబో వస్తాడు.

ఇక మొదటి మాటకి వద్దాం, సస్పెన్స్ లేదన్నదానికి.

కీచకుడు చస్తాడని తెలియని తెలుగువాళ్లు ఉన్నారా? నర్తనశాలలో చీకట్లో ముసుగేసుకుని పడుకున్నది ద్రౌపది కాదు, భీముడు అని మనకి తెలుసు. కీచకుడికి తెలియదు. అతను సింగారించుకుని, అత్తరు పూసుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంటే, వందోసారి వింటున్నా ఊపిరి బిగబడుతుంది. మనకి తెలిసింది అతనికి తెలియకపోవడమే అక్కడి టెన్షన్. ఎవరు చంపారన్న ప్రశ్న ఒక్కటే సస్పెన్స్ అనుకునేవాళ్లు ఈ రెండో రకాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. అంత వెనక్కి ఎందుకు, 'దృశ్యం' చూడలేదా మనం? చంపిందెవరో తెలిసే కదా, పోలీసులు ఇంటికి వచ్చిన ప్రతిసారీ కుర్చీ అంచున కూర్చున్నాం. అక్కడ దాచేవాళ్ల పక్షాన కూర్చున్నాం, కొలంబోలో వెతికేవాడి పక్షాన కూర్చుంటాం. తేడా అంతే.

పైగా ఈ పద్ధతి టీవీవాళ్లు తేలిక కోసం కనిపెట్టింది కాదు. ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లిష్ రచయిత 1912లో వేసిన కథల సంపుటిలోనే దీన్ని ప్రయత్నించాడు. ముందు నేరం, తర్వాత పరిశోధన. హంతకుడి పేరు పాఠకుడికి ముందే ఇచ్చేసినా పరిశోధన మీద ఆసక్తి నిలుస్తుందా లేదా అన్నది ఆయన పరీక్ష. నిలిచింది.

అసలు ఈ పద్ధతి రాసేవాడికి ఎక్కువ కష్టం. మామూలు డిటెక్టివ్ కథలో ఆధారాన్ని దాచేయొచ్చు, ఆఖరి సీన్లో జేబులోంచి తీసి చూపించొచ్చు. కొలంబోలో హత్య మన కళ్లముందే జరిగింది. మనం చూడనిదేదో కొలంబో చూశాడంటే అది రచయిత దాచినందువల్ల కాదు, మనకి తట్టనందువల్ల. 1971 సెప్టెంబరులో వచ్చిన మొదటి రెగ్యులర్ ఎపిసోడ్ తీసుకోండి. దర్శకుడు 24 ఏళ్ల స్టీవెన్ స్పీల్‌బర్గ్. ఇద్దరు కలిసి డిటెక్టివ్ నవలలు రాసే జంట రచయితల్లో ఒకడు రెండోవాణ్ణి చంపేసి, శవాన్ని తన ఇంటి ముందు గడ్డిలోనే పడేసి, చూసి అదిరిపోయినట్టు పోలీసుల్ని పిలుస్తాడు. కొలంబోకి తట్టింది ఏమిటి? ఆ రోజు వచ్చిన ఉత్తరాల కవర్లు చించి ఉన్నాయి. ఏళ్లపాటు కలిసి పనిచేసిన స్నేహితుడు గుమ్మం ముందు చచ్చిపడి ఉంటే, ఎవరైనా కరెంటు బిల్లో మరోటో చించి చదువుకుంటారా? హత్య మొత్తం కళ్లారా చూసిన మనకి ఆ కవర్ల ఊసే తట్టదు. మా నాన్న ఆపించి మళ్లీ వేయించుకున్న చోటు అదే.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట. కొలంబో వెర్రిబాగులవాడు, అదృష్టం కలిసొచ్చి గెలుస్తాడు అన్నది.

ఇలా అనుకునేవాళ్లు సరిగ్గా ఆ కథల్లో హంతకులు ఎక్కడ బోల్తాపడతారో అక్కడే పడుతున్నారు. పెన్సిల్ కోసం జేబులు తడుముకోవడం, మాట మధ్యలో మర్చిపోవడం, గుమ్మం దాటి వెళ్లి మళ్లీ వెనక్కి రావడం, ఇవన్నీ చూసి "వీడా నన్ను పట్టుకునేది" అని ఊపిరి పీల్చుకుంటారు వాళ్లు. ఈ సంగతి ఎవరో విమర్శకులు తర్వాత కనిపెట్టింది కాదు, 1968 నాటి మొదటి సినిమాలోనే నోరు తెరిచి చెప్పారు. అందులో హంతకుడు ఒక మానసిక వైద్యుడు. కొలంబోని ఎదురుగా కూర్చోబెట్టుకుని విశ్లేషిస్తాడు: నీకు రూపం లేదు, నాజూకు లేదు, అందుకే ఆ లోపాన్నే ఆయుధం చేసుకున్నావు, ఎదుటివాళ్లు నిన్ను తక్కువ అంచనా వేస్తారు, అప్పుడు కాలు లాగుతావు అని. అంత స్పష్టంగా తెలిసినవాడు కూడా తప్పించుకోలేకపోయాడు. దానికి కారణం కొలంబోనే ఆ సినిమాలో చెబుతాడు. హంతకుడు ఎంత తెలివైనవాడైనా అతనికిది మొదటిసారి, నేర్చుకోవడానికి ఉన్నది ఒక్క అవకాశం. పోలీసులకి ఇది రోజూ చేసే పని. ఏడాదికి వంద కేసులు చూస్తారు. అది చాలా ప్రాక్టీసు కదా డాక్టరుగారూ అంటాడు.

ఇదే మాట ఇంకా లోతుగా 1977 నాటి ఒక కథలో వస్తుంది. అది అత్యధిక ఐక్యూ ఉన్నవాళ్ల క్లబ్బులో జరిగిన హత్య. ఆ క్లబ్బు మేధావితో కొలంబో తన గురించి చెప్పుకుంటాడు. స్కూల్లో తనకంటే తెలివైన పిల్లలు చాలామంది ఉండేవాళ్లు. పోలీసు ఉద్యోగంలో చేరాక అక్కడా తనకంటే తెలివైనవాళ్లే కనిపించారు. వీళ్ల మధ్య డిటెక్టివ్ కావడం తేలిక కాదని అర్థమైంది. కానీ వాళ్లకంటే ఎక్కువ కష్టపడితే, ఎక్కువ టైము పెడితే, పుస్తకాలు చదివితే, కళ్లు తెరుచుకుని ఉంటే సాధ్యపడొచ్చు అనుకున్నాడు. సాధ్యపడింది. ఈ పనంటే నాకు నిజంగా ఇష్టం సార్ అని ముగిస్తాడు. ఎక్కడా అదృష్టం ఊసు లేదు. మేధావినని కూడా అనలేదు. నాకు ఇష్టమైన డిటెక్టివ్‌లు ఇంకా ఉన్నారు గానీ, గడప మీద బురద చూసి మీరు ఫలానా ఊరినుంచి వచ్చారు అని తేల్చేసే మేధస్సు నాకు పుట్టుకతో రాలేదు, రాదు. ఓపిక తెచ్చుకోవచ్చు. కొలంబో మనలాంటి వాళ్లకి దగ్గరగా అనిపించేది ఇక్కడే.

ఒక్క కేసు దగ్గర్నుంచి చూద్దాం. అదీ 1971లోదే. ఒక కళా విమర్శకుడు చిత్రాలు సేకరించే పెద్దాయనని చంపుతాడు. చనిపోయినాయన అతనికి మావయ్యే. దొంగలు పడ్డట్టు చూపించడానికి గోడ మీది విలువైన చిత్రాలు రెండు మాయం చేస్తాడు. ఆస్తి అత్తయ్యకి దక్కకుండా చేయడానికి ఆ చిత్రాలు ఆవిడ ఇంట్లో దొరికేటట్టు పెట్టేయాలని అతని ఎత్తు. వాటిని చంకన పెట్టుకుని రాత్రిపూట తన ఫ్లాట్‌కి వచ్చేసరికి లోపల కొలంబో కూర్చుని ఉన్నాడు. ఏమిటండీ అది, పెయింటింగులా అంటూ చిన్నపిల్లాడిలా ఆ సంచిలో చెయ్యి పెట్టబోతాడు. ఇతను చిరాకుపడి లాగేసుకుంటాడు. మనం కూడా అబ్బా, ఇంకొక్క క్షణం ఆగితే దొరికిపోయేవాడే అనుకుంటాం, అక్కడితో మర్చిపోతాం.

చివర్లో అత్తయ్య ఇంట్లో చిత్రాలు దొరుకుతాయి. వేలిముద్రలు తీయమంటాడు కొలంబో. విమర్శకుడు నవ్వుతాడు. ఆ ఇంట్లో ఆ చిత్రాలని నేను ఎన్నిసార్లో పట్టుకున్నాను, నా వేలిముద్రలు ఉంటే ఏమైంది అంటాడు. మేం వెతికేది మీ వేలిముద్రలు కాదు సార్, నావి అంటాడు కొలంబో. ఆ రాత్రి సంచిలో చెయ్యి పెట్టినప్పుడు పడ్డవి. అవతలివాడు తేరుకుని, అబద్ధం, ఇప్పుడే ఇక్కడే ముట్టుకున్నాడు, ఈ గదిలోనే ముట్టుకున్నాడు అని అరుస్తాడు. కొలంబో ఒక్క మాట మాట్లాడడు. అప్పటిదాకా కోటు జేబుల్లో ఉన్న రెండు చేతులూ మెల్లగా బయటికి తీస్తాడు. రెండింటికీ గ్లవ్స్. కథ అక్కడ ఆగిపోతుంది.

ఇది అదృష్టమా? సరే, సంచిలో చెయ్యి పడటం ఆ క్షణానికి కుదిరిందనే అనుకుందాం. ఆ రాత్రివేళ ఆ ఫ్లాట్‌లో కాపు కాసి కూర్చోవడం ఎవరి పని? అత్తయ్య ఇంట్లోకి అడుగుపెట్టే ముందే గ్లవ్స్ తొడుక్కుని, వాడు ఏ సాకు చెబుతాడో ముందే ఊహించి, ఆ తలుపు మూసేసింది ఎవరు? అదృష్టం మహా అయితే గుమ్మం దాకా తీసుకొస్తుంది. లోపలికి నడవాల్సింది మనిషే.

"ఇంకొక్క విషయం సార్" అంటూ వెనక్కి తిరిగి రావడం వేధింపు అని కూడా ఆ పోస్టులో ఒక ముక్క ఉంది. ఆ అలవాటు పుట్టిన తీరు చెబితే చాలు. సృష్టికర్తలు రిచర్డ్ లెవిన్‌సన్, విలియం లింక్ దీన్ని రంగస్థల నాటకంగా టైప్ చేస్తున్నప్పుడు ఒక సీను పొట్టిగా వచ్చింది. అప్పటికే కొలంబో గది దాటి వెళ్లిపోయాడు. పేజీ అంతా మళ్లీ టైప్ చేయడం ఇష్టంలేక, వెళ్లినవాణ్ణే వెనక్కి రప్పించి ఆ మాట అనిపించారు. తర్వాత అదే పాత్రకి ఊపిరి అయింది. వేధింపంటే బెదిరించడం, చెయ్యి చేసుకోవడం. కొలంబో తుపాకీ కూడా పట్టుకు తిరగడు. ఒక కథలో తుపాకీ పరీక్షకి వెళ్లకుండా ఎన్నేళ్లుగానో ఎగ్గొడుతున్నాడని పై ఆఫీసు నుంచి వెంటపడతారు. తన బదులు ఇంకొకణ్ణి పంపడానికి చూస్తాడు తప్ప తుపాకీ మాత్రం పట్టడు. అనుమానితుడితో మాట్లాడేది ఎప్పుడూ సార్, మేడమ్ అనే.

కోర్టులో నిలవదన్న మాట దగ్గర కాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. 69 కథల్లో కొన్ని ముగింపులు బలహీనంగానే ఉంటాయి. గట్టి లాయర్ దొరికితే బయటపడేవాళ్లు ఉన్నారు. కథ అరెస్టు దగ్గరే ఆగుతుంది కాబట్టి విచారణ మనకి కనిపించదు. ఇంతవరకు ఒప్పుకుంటాను. కానీ "ఒక్కటీ" నిలవదనడం తప్పు. పైగా ఆ మాట అనేవాళ్లలో చాలామంది తెలియకుండానే మన చట్టంతో కొలుస్తున్నారు.

మన దగ్గర పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరాంగీకారం సాక్ష్యంగా పనికిరాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో సెక్షన్ 25 అదే చెప్పింది, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23 కూడా అదే చెబుతోంది. "పోలీసు ముందు ఒప్పుకుంటే ఏం లాభం, కోర్టులో మాట మారుస్తాడు" అని మనం అలవాటుగా అనేది అందుకే. అమెరికాలో అలా కాదు. బలవంతం లేకుండా స్వచ్ఛందంగా చెప్పింది పోలీసుకి చెప్పినా చెల్లుతుంది. మౌనంగా ఉండొచ్చు, లాయర్‌ని పెట్టుకోవచ్చు అని ముందే చెప్పాలన్న 1966 నాటి మిరాండా తీర్పు, అదుపులోకి తీసుకుని ప్రశ్నించేటప్పుడు వర్తిస్తుంది. కొలంబో ఎక్కడ మాట్లాడతాడో గమనించండి. వాళ్ల బంగళాలో, వాళ్ల గార్డెన్‌లో, గోల్ఫ్ కోర్సులో. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దయచేయండి అంటే అతనే వెళ్లిపోతాడు. వాళ్లే గొప్ప కోసం మాట్లాడుతూ పోతారు. ఇక అబద్ధం చెప్పి బోల్తా కొట్టించాడు కదా అంటే, ప్రశ్నించేటప్పుడు పోలీసు అబద్ధం చెప్పినంత మాత్రాన నేరాంగీకారం చెల్లకుండా పోదని అమెరికా సుప్రీంకోర్టు 1969లో ఫ్రేజర్ వర్సెస్ కప్ కేసులో చెప్పింది. ఆ పద్ధతి మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అక్కడి చట్టం మాత్రం అది.

పైగా అతని ఉచ్చుల్లో మంచివి నేరాంగీకారం మీద ఆధారపడవు. ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ భార్యని చంపి కిడ్నాప్ కట్టుకథ అల్లిన 1974 నాటి కథ చూడండి. భార్యని కుర్చీకి కట్టేసి, పక్కన గడియారం కనిపించేటట్టు తీసిన ఫొటోలో టైము రెండు గంటలు. ఆ టైముకి తను వేరేచోట ఉన్నానని సాక్ష్యం ఉంది అతనికి. కొలంబో ఆ ఫొటోని పెద్దది చేయించి గోడకి పెడతాడు. అందులో గడియారం పది చూపిస్తుంది. మీరు ప్రింటు తిరగేసి వేయించారు, అసలు ఫొటో తెండి అని మండిపడతాడు ఫొటోగ్రాఫర్. అయ్యో, అది పొరపాటున యాసిడ్‌లో పడి పాడైపోయింది అంటాడు కొలంబో. అయితే నెగటివ్ కెమెరాలోనే ఉంటుంది కదా అని ఇతను వెనక్కి తిరిగి, అల్మరాలో వరసగా పెట్టిన కెమెరాల్లోంచి ఒకటి చటుక్కున తీసేస్తాడు.

గది నిశ్శబ్దమైపోతుంది. కొలంబో అక్కడున్న పోలీసుల్ని ఒక్కొక్కరినీ అడుగుతాడు, అతను ఇప్పుడు చేసింది మీరు చూశారా అని. చూశాం, చూశాం అంటారు వాళ్లు. ఫొటో తీసిన కెమెరా ఏదో ఎవరూ అతనికి చెప్పలేదు. తీసినవాడికే తెలుస్తుంది. "మీరు చూశారా" అని వరసగా అడగడంలోనే కోర్టు ఉంది. సాక్షుల్ని అక్కడికక్కడే లెక్కపెట్టుకుంటున్నాడు. మా నాన్న అయితే వోచర్ మీద సంతకాలు తీసుకుంటున్నాడు అనేవారు.

పేరు సంగతి తొందరగా తేల్చేయొచ్చు గానీ, ఆ కథ బాగుంటుంది కాబట్టి చెబుతాను. కొలంబో పేరు ఫిలిప్ కాదు. ఆ పేరు ఫ్రెడ్ వర్త్ అనే ఆయన చిల్లర విశేషాలన్నీ పోగేసిన తన ట్రివియా ఎన్‌సైక్లోపీడియాలో కావాలని ఇరికించిన అబద్ధం. ఎవరైనా తన పుస్తకాన్ని ఎత్తిరాస్తే ఆ తప్పుతోనే దొరికిపోతారని వేసిన ఎర అది. ట్రివియల్ పర్స్యూట్ అనే ప్రశ్నల ఆట వచ్చింది, అందులో కొలంబో పేరు ఫిలిప్ అని ఉంది. 1984లో ఆయన 30 కోట్ల డాలర్ల దావా వేశాడు. ఆ పుస్తకాల నుంచి కొంత తీసుకున్నామని ఆటవాళ్లు ఒప్పుకున్నారు కూడా. అయినా విషయాల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని కోర్టు దావా కొట్టేసింది, 1987లో అప్పీలులోనూ అదే తీర్పు. దావా పోయింది, అబద్ధం మాత్రం ప్రపంచమంతా తిరిగి ఇప్పుడు మా బంధువుల గ్రూపు దాకా వచ్చింది. సీరియల్లో ఎవరైనా పేరు అడిగితే "లెఫ్టినెంట్" అనేవాడు. గుర్తింపు కార్డు దగ్గరగా కనిపించిన రెండు కథల్లో దాని మీద ఉన్న పేరు ఫ్రాంక్.

భార్య లేదన్న మాట మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. తెరమీద ఆవిడ మొహం ఎప్పుడూ కనిపించదు, నిజమే. కానీ 1975లో వచ్చిన ఓడ ప్రయాణం కథలో ఆవిడా ప్రయాణికురాలే. ఓడలోని వాళ్లు ఆవిడని చూసినట్టే మాట్లాడతారు. 1990 నాటి కథలో అయితే పగబట్టిన ఒకావిడ కొలంబో భార్యనే చంపాలని చూస్తుంది. అంత్యక్రియల నాటకమంతా నడిచి, హంతకురాలు దొరికాక, కొలంబో ఫోన్ తీసి ఇంటికి మాట్లాడతాడు. ఆ ఫోన్ ఎవరినీ బోల్తా కొట్టించడానికి కాదు, కేసు అప్పటికే అయిపోయింది. ఎన్‌బీసీ 1979లో ఆవిడ పేరుతోనే వేరే సీరియల్ తీసిందిగానీ, అది లెవిన్‌సన్, లింక్‌ల చెయ్యి లేని పని, నిలవలేదు. దాన్ని నేను సాక్ష్యంగా లెక్కపెట్టడం లేదు.

పాత్ర అంతా ఫాల్క్ సృష్టి అన్నది ఆయన మీద అభిమానంతో అన్నా సరే, ఇద్దరు రచయితలకి అన్యాయం. లెవిన్‌సన్, లింక్ ఫిలడెల్ఫియాలో స్కూలు రోజుల నుంచీ స్నేహితులు. కొలంబో తెరమీదికి మొదట వచ్చింది 1960లో, ఒక లైవ్ టీవీ నాటకంలో. వేసింది బర్ట్ ఫ్రీడ్ అనే నటుడు. 1962లో రంగస్థలం మీద థామస్ మిచెల్ వేశాడు. 1968 సినిమాకి ముందు గాయకుడు, నటుడు బింగ్ క్రాస్బీని అడిగారు, ఆయన వద్దన్నాడు. అప్పుడు ఫాల్క్ వచ్చాడు. ఆయన తెచ్చింది తక్కువేం కాదు. ఆ వానకోటు ఆయన సొంతం, న్యూయార్క్‌లో వాన వచ్చిన రోజు 15 డాలర్లకి కొనుక్కున్నది. ఆ చూపు కూడా ఆయనదే. మూడేళ్ల వయసులో కేన్సర్ కణితి వల్ల కుడి కన్ను తీసేశారు, అక్కడ ఉన్నది గాజు కన్ను. ఈ పాత్రకే అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీలు నాలుగు గెలుచుకున్నారు. 2011లో 83 ఏళ్ల వయసులో పోయేదాకా జనానికి ఆయన కొలంబోనే. అయినా ఎముకలు రచయితలవి. రక్తమాంసాలు ఫాల్క్ ఇచ్చారు. రెండూ చెప్పాలి.

పాతబడిపోయింది, ఈ కాలంవాళ్లు చూడరు అనేవాళ్లకి ఒకటే. జపాన్‌లో 1994లో మొదలైన 'ఫురుహతా నింజాబురో' సీరియల్ ఇదే అచ్చులో పోసింది. 2023లో అమెరికాలో 'పోకర్ ఫేస్' వచ్చింది. ముందు హత్య, తర్వాత పట్టుకునే మనిషి. టైటిల్స్ అక్షరాలు కూడా కొలంబో నాటి పసుపు అక్షరాలే.

మనసు లేని ఫార్ములా అన్నదానికి మాత్రం ఒక కథ చెప్పి ఊరుకుంటాను. 1973 నాటిది. డొనాల్డ్ ప్లెజెన్స్ వేసిన హంతకుడికి ప్రపంచంలో ప్రేమించేది ఒకటే, వైన్. సవతి తమ్ముడు ఆ తోటల్ని అమ్మేస్తానంటే తలమీద కొట్టి, కట్టేసి, వైన్ దాచే గదిలో పడేసి, ఏసీ ఆపేసి ప్రయాణం వెళ్లిపోతాడు. గాలాడక తమ్ముడు చచ్చిపోతాడు. కొలంబోకి వైన్ గురించి ఓనమాలు కూడా రావు. వెళ్లి నేర్చుకుంటాడు. షాపులో అడుగుతాడు, చదువుతాడు, రుచి చూస్తాడు. ఆ వారం రోజుల్లో ఊళ్లో విపరీతమైన ఎండ కాసిందని కనుక్కుంటాడు. ఏసీ ఆగితే గది ఉడికిపోయి ఉండాలి, లోపలి సీసాలు పాడైపోయి ఉండాలి. ఆ గదిలోంచే ఒక సీసా తెచ్చి, హోటల్లో ఆ పెద్దమనిషికే పోయించేటట్టు చేస్తాడు. ఒక్క గుక్కతో అతను లేచి నిలబడి, ఇది ఎండకి ఉడికిన వైన్ అని అందరి ముందూ గొంతు చించుకుంటాడు. లోకంలో ఆ తేడా పట్టగల నాలుక అతనిది. తన గొప్పదనంతోనే తన నేరానికి సాక్ష్యం చెప్పాడు.

తర్వాత సముద్రం దగ్గర అతను తన సీసాలన్నీ నీళ్లలోకి విసిరేస్తూ ఉంటాడు. కొలంబో వెళ్లి సంకెళ్లు వేయడు, కారు ఎక్కించుకుంటాడు. దారిలో తోటల ముందు కారు ఆపి, రెండు గ్లాసులు తీసి, భోజనం చివర్లో తాగే తీపి వైన్ పోస్తాడు. సరిగ్గా ఆ సందర్భానికి తగినదే ఎంచి తెచ్చాడు. హంతకుడు సీసా చూసి, మీరు చాలా బాగా నేర్చుకున్నారు లెఫ్టినెంట్ అంటాడు. నాకు ఎవరైనా చెప్పిన మాటల్లో ఇంతకంటే మంచి మాట లేదు సార్ అంటాడు కొలంబో. ఇద్దరూ ఆ కారులోనే కూర్చుని గ్లాసులు ఎత్తుతారు.